నోరెత్తని సెక్రటరీ

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ ఫ్యాను కింద కూర్చుంటే నా మాట సగమే వినబడుతుంది, మిగతా సగం మీరే అల్లేసుకుంటారు. మనింట్లో అల్లేవాళ్లకి కొదవ లేదు. మంచం మీదకి రండి, కాళ్లు మాత్రం నా మోకాలికి తగలనివ్వకండి. నేను ఐదో తరగతి దాటలేదు గానీ ముప్పై నాలుగేళ్లు పెద్దాసుపత్రి లేబర్ వార్డులో ఆయాగా చేశాను. ఎవరి బిడ్డ ఏ మంచం మీద పుట్టిందో, ఆ రోజు డాక్టరమ్మ ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పటికీ చెప్పగలను. ఈ కథలో మీ గవరమ్మ ఒక్క ముక్క కల్పించిందని ఎవరైనా అంటే నా దగ్గరికే పంపండి.

ముందు తవిటమ్మ సంగతి చెప్పాలి. ఈ కథంతా దాని అరచేతి మీద నడిచింది.

తవిటమ్మ మా వీధి పిల్ల. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మొగుడు ఉన్నాడో లేడో వాడికే తెలియదు. దాన్ని ఆసుపత్రిలో కాంట్రాక్టు స్వీపరుగా పెట్టించింది నేనే. నేను రిటైరైపోయినా వార్డులో మనుషులు చాలక అప్పుడప్పుడు పిలిస్తే వెళుతుండేదాన్ని. వెళ్లినప్పుడల్లా దానికి పని నేర్పేదాన్ని. ఆసుపత్రిలో చెత్తకి ఉన్న మర్యాదలు మనుషులకి లేవు. రక్తం అంటిన దూదికి పసుపు సంచి, గొట్టాలకి ఎర్ర సంచి, సూదులకి తెల్ల డబ్బా. ఒకనాడు ఎవరో తొందరలో సూదిని పసుపు సంచిలో పడేశారు. తవిటమ్మ సంచి మూతి ముడేస్తుంటే అది అరచేతిలో దిగబడింది. చేతికి గ్లౌజు లేదు. ఎందుకు లేదో తరవాత చెబుతాను.

మందులైతే వెంటనే ఇచ్చారు, కాదనను. మూడు నెలలు పోయాక రక్తం మళ్లీ చూస్తామన్నారు. మర్నాడు కాంట్రాక్టరు మనిషి వచ్చి, రిపోర్టు వచ్చేదాకా నువ్వు రోగివో పనిమనిషివో తేలదు, తేలేదాకా గేటు లోపలికి రావద్దు అని చెప్పి పోయాడు. సూది ఎవరు వేశారని అడిగినవాడు లేడు. చెయ్యి ఎవరిదని మాత్రం అందరూ అడిగారు.

దీనికో దారి ఉంది. నలభై రోజుల్లోపల పై ఆఫీసుకి ఫిర్యాదు పెట్టుకుంటే విచారించి మళ్లీ పనిలోకి తీసుకోవాలి. కాకపోతే ఆ కాగితం మీద మా ఆరోగ్య సిబ్బంది సంఘం ప్రాంతీయ సెక్రటరీ సంతకం ఉండాలి. పాత సెక్రటరీకి శాలువా కప్పి, పూలదండ వేసి, రిటైర్మెంటు చేసి పంపించిన మూడో రోజున సూది దిగింది. కుర్చీ ఖాళీ.

"పిన్నీ, నా చెయ్యి బాగానే ఉంది. సంతకం పెట్టే చెయ్యే లేదు" అంది తవిటమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

ఎన్నిక ఎంత పనే, వారంలో అయిపోతుంది అన్నాను. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో పనిచేసినదాన్ని ఆ మాట అనకూడదు.

ఆ నెలలోనే సంఘం రాష్ట్ర కేంద్రం నుంచి సర్క్యులర్ వచ్చింది. పిల్లల వార్డు నర్సు కృపావతి సిస్టరమ్మ చదివి వినిపించింది. "ఇందుమూలముగా సమస్త ప్రాంతీయ శాఖలకు తెలియజేయునది ఏమనగా, ఎన్నికలలో పోటీ అనునది సంఘశరీరమును పీడించు రుగ్మత అయి ఉన్నది. కావున పోటీ లేక, అభ్యంతరము లేక, పూర్తి ఏకగ్రీవముగా నాయకత్వమును ఎన్నుకొనిన శాఖను ఆరోగ్యవంతమైన శాఖగా ప్రకటించి, ఇత్తడి షీల్డు బహూకరించబడును." ఆ ఏడు ఎక్కడ చూసినా ఏకగ్రీవం పిచ్చే. పాలకేంద్రంలో ఏకగ్రీవం, బడి కమిటీలో ఏకగ్రీవం. పెళ్లివారు కూడా అప్పడాలా వడియాలా అన్నదానికి ఏకగ్రీవం కోసం చూస్తున్నారు.

ఎన్నికల అధికారిగా వైకుంఠరావు గారిని వేశారు. ఆయన రిటైరైన హెల్త్ సూపర్‌వైజరు. మనిషి చెడ్డవాడు కాదు, మీరు అలా అనుకోవద్దు. కాకపోతే ఆయనకి తెలిసిన విద్య ఒక్కటే, అంటువ్యాధిని అదుపు చెయ్యడం. కలరా వచ్చిన ఏడు ఆయన చుట్టుపక్కల ఊళ్ల బావులన్నిటిలో ఎంత బ్లీచింగ్ పోయించాడంటే, ఆ నీళ్లు ఇప్పటికీ ఎవరూ తాగరు. అందుకని కలరా మళ్లీ రాలేదు. దానికి ఆయనకి ఒక మెడల్ ఇచ్చారు. ఆ మెడల్ పెట్టుకునే వచ్చాడు.

నర్సింగ్ స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. సూది దిగి అప్పటికి పదకొండో రోజు. రెండు వందల పద్నాలుగు మంది సభ్యులు. ఏకగ్రీవానికి ముందే తయారుచేసి పెట్టుకున్న మనిషి లింగమూర్తి, మందుల స్టోరు ఫార్మసిస్టు. స్టోర్లో గ్లౌజులు పెట్టెలు పెట్టెలుగా ఉండేవి. తాళం ఆయన దగ్గర ఉండేది. అడిగితే "ఇస్తే వాడేస్తారు" అనేవాడు. తవిటమ్మ చేతికి గ్లౌజు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిందా?

వైకుంఠరావు గారు లేచి, లింగమూర్తి గారి పేరు ప్రతిపాదించడమైనది, ఎవరికైనా అభ్యంతరము ఉన్నదా, ఉండదని ఆశిస్తూ ముగిస్తున్నాను అన్నాడు. ఆయన కూర్చోబోతుంటే వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. కృపావతి సిస్టరమ్మది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పిల్లల వార్డులో పనిచేసి చేసి గొంతు పాలచుక్కలా అయిపోయింది. నేనూ నిలబడుతున్నానండీ అంది. ఎవరు నెగ్గినా సరే, ఈ వారంలో తేలిస్తే తవిటమ్మ కాగితం మీద సంతకం పడుతుంది అని కూడా అంది.

వైకుంఠరావు గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. జాలిగా చూశాడు, జ్వరంతో వచ్చిన మనిషిని చూసినట్టు.

"సిస్టర్, మీకు ఇలా ఎన్నాళ్లనుంచి ఉంది?"

"ఏమిటండీ?"

"అభిప్రాయం."

"చిన్నప్పటినుంచీ ఉందండీ."

"దీర్ఘకాలికం" అని రాసుకున్నాడు. సంచిలోంచి ఒక కేస్ షీటు తీశాడు. ఒకటో నెంబరు కేసు. లక్షణం, చెయ్యి పైకి లేచుట. మొదలైన వేళ, పదకొండుంబావు. అక్కడికక్కడే ఒక ఉత్తర్వు చదివాడు. అభ్యంతరము మాట ద్వారా, చూపు ద్వారా, టీ ద్వారా వ్యాపించు స్వభావము కలది. కేసును పద్నాలుగు దినములు వేరుగా ఉంచవలెను. కేసుతో కలిసి కూర్చున్నవారు, తిన్నవారు, నవ్వినవారు అందరూ కాంటాక్టులు. వారి ఓటు కూడా పద్నాలుగు దినములు పరిశీలనలో ఉండును. లక్షణములు తగ్గిన పిమ్మట ఏకగ్రీవ ఎన్నిక జరుగును.

మరి వార్డుల్లో పని ఎవరు చేస్తారని ఎవరో అడిగారు. దానికీ ఆయన దగ్గర మందుంది. పని ఆగదు, పని ఆరోగ్యమే. రోగుల్ని మొయ్యొచ్చు, అభిప్రాయాన్ని మొయ్యకూడదు. మనిషికీ మనిషికీ మూడు గజాల దూరం ఉండాలి. స్ట్రెచరు పొడవు రెండు గజాలు కదా బాబూ అన్నాడు ఒక వార్డుబాయి. ఆయన కాసేపు ఆలోచించి, అయితే తల వైపువాడు తూర్పు చూడాలి, కాళ్ల వైపువాడు పడమర చూడాలి అన్నాడు. ఆ మర్నాడు హెర్నియా ఆపరేషను మనిషిని అలాగే మోసుకెళ్లి గోడకి కొట్టారు. రోగికి మాత్రం అభ్యంతరం చెప్పే హక్కు ఉందన్నారు, సంఘంలో సభ్యుడు కాడు కనక.

కాంటాక్టులకి గుర్తు ఉండాలి కదా. పోలియో చుక్కలు వేశాక పిల్లల ఎడమచేతి చిటికెన వేలికి నల్ల మార్కరు గీస్తారు చూడండి, అదే పద్ధతి పెట్టారు. గియ్యడానికి ఓటులేని మనిషి కావాలన్నారు, ఓటులేనివాళ్లకి ఈ జబ్బు అంటదట. అలా పెన్ను నా చేతికొచ్చింది. వార్డు వార్డుకీ తిరిగాను. వైకుంఠరావు గారు వెనకాల అట్ట పట్టుకుని, కృపావతి గారితో టీ తాగారా, వారి మాటకి తల ఊపారా, ఊపితే నిలువుగానా అడ్డంగానా అని రాసుకునేవాడు. మొదటి రోజు పదకొండు మంది. ఆ పదకొండు మందితో అన్నం తిన్నవాళ్లు నలభై. ఆ నలభై మందికి డ్యూటీ అప్పజెప్పినవాళ్లు ఎనభై. డ్యూటీ అప్పజెప్పకుండా ఉండాలంటే ఇంటికి పోకుండా ఉండాలి. ఒకాయన అలాగే మూడు రోజులు ఉండిపోయాడు. ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన భార్య కూడా నర్సే. ఇద్దరికీ గీశాను.

కొత్త కాంటాక్టు దొరికినప్పుడల్లా పద్నాలుగు రోజులు మళ్లీ మొదలు. నేను ఆసుపత్రి గోడ మీద ఒక పక్కన బొగ్గుతో తవిటమ్మ రోజులు గీస్తున్నాను. ఇరవై రెండు. ఇరవై ఐదు. సాయంత్రాలు అది గేటు బయట నిలబడి, ఏటైంది పిన్నీ అనేది. తగ్గుముఖం పట్టిందే అనేదాన్ని. ఏం చెప్పను మరి?

ఇరవై ఎనిమిదో రోజున లింగమూర్తి దొరికాడు. ఎలాగంటే, పదవి చేజారుతుందని భయం పుట్టి, ఆయనే కృపావతి సిస్టరమ్మ దగ్గరికి వెళ్లి తప్పుకోమని బతిమాలాడు. అదీ ముప్పావు గంట. కిటికీ అవతలనుంచి ఒక ఆయా చూసింది. వైకుంఠరావు గారు అట్ట పట్టుకుని స్టోరుకొచ్చాడు.

"నేను అభ్యర్థిని సార్" అన్నాడు లింగమూర్తి, చెయ్యి వెనక్కి దాచుకుని.

"వ్యాధికి అభ్యర్థి, ఓటరు అనే తారతమ్యము లేదు. వేలు చూపండి."

"ఇది అన్యాయం సార్. నేను ఒప్పుకోను."

వైకుంఠరావు గారు నిట్టూర్చి, లక్షణములు కూడా బయటపడినవి అని రాసుకున్నాడు. కాంటాక్టు కాదట, ఏకంగా రెండో నెంబరు కేసట. లింగమూర్తిని కృపావతి సిస్టరమ్మ ఎదురుగదిలో పెట్టారు. నాకు ఆయన మీద జాలి కలగలేదు. వేలికి గీసేటప్పుడు గ్లౌజు లేదా గవరమ్మా, ఆ పెన్ను అందరి చేతులకీ తగిలింది అన్నాడు. ఇస్తే వాడేస్తాను బాబూ అన్నాను.

ఇంక మిగిలింది వైకుంఠరావు గారే. లింగమూర్తి ఇంటినుంచి రోజూ ఆయనకి ఫ్లాస్కులో టీ వచ్చేది. టీ ద్వారా వ్యాపించును అని రాసింది ఆయనే. మనిషి నియమం తప్పేవాడు కాదు, అది ఒప్పుకోవాలి. ఎడమచెయ్యి నా ముందు చాపి, కానివ్వు ఆయమ్మా, చట్టము అందరికీ సమానము అన్నాడు. గీశాను. ఆ రోజునుంచి ఆయన మూలపడ్డ అంబులెన్సు ఒకటుంటే అందులో కూర్చుని, అద్దాలు ఎత్తేసుకుని, పోలియో ఆదివారాల్లో వీధుల్లో తిప్పే మైకు పట్టుకుని ఎన్నిక జరిపించాడు. బయటికి వచ్చేది ఆయన మాట ఒక్కటే. నెంబర్లు, పేర్లు, ఉత్తర్వులు. కాన్పుకొచ్చిన ఆడవాళ్లు నొప్పులు మరచిపోయి వినేవారు.

ముప్పై ఆరో రోజు పొద్దున ఆయన మైకులో నన్ను పిలిచాడు. సభ్యుల జాబితా అద్దానికి ఆనించి చూపించాడు. రెండు వందల పదమూడు పేర్ల ఎదురుగా నల్లచుక్క. ఒక్క పేరుకి లేదు.

"ఆయమ్మా, పొట్నూరు నారాయుడు, మార్చురీ అటెండరు. ఈయన ఎవరితోనూ కలిసినట్టు ఎక్కడా దాఖలా లేదు. ఎవరీయన?"

నారాయుడు పోయి ఆరేళ్లయింది. పాత బస్టాండు వెనక మా వీధి చివరి ఇల్లు. పచ్చకామెర్లు. పోయిన రోజున అతని కాళ్ల బొటనవేళ్లు కలిపి తాడుతో కట్టింది నేనే. ముప్పై ఏళ్లు ఊరందరి శవాలకీ ఆ పని చేసిన మనిషికి ఆ రోజు చేసేవాళ్లు లేకపోయారు. ఆఫీసులో చెప్పమని భార్య అసిరమ్మ కాళ్లరిగేలా తిరిగింది. ఆసుపత్రి మనిషి ఆసుపత్రిలో పోకుండా ఇంట్లో ఎందుకు పోయాడు, మా రిజిస్టర్లో లేదు పొమ్మన్నారు. సెలవులో ఉన్నాడని రాసి ఉంది కనక సెలవులోనే ఉంచారు. సంఘం జాబితా సంగతి సరే సరి. కిందటేటిది చూసి ఈ ఏడాదిది రాస్తారు, చదివి రాయరు.

అదే చెప్పాను. "నారాయుడు చచ్చిపోయాడు బాబూ. నా చేత్తోనే కాళ్లు కట్టాను."

అద్దం అవతల ఆయన జాబితా తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. తరవాత మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న నాతో మాట్లాడడానికి కూడా మైకే.

"రికార్డు ప్రకారం ఆయన సెలవులో ఉన్నారు. ఆరు సంవత్సరములుగా ఒక్క మాట లేదు, ఒక్క టీ లేదు. ఇటువంటి క్రమశిక్షణ నా సర్వీసులో చూడలేదు. ఆయన పేరు నేనే ప్రతిపాదిస్తున్నాను. ఇప్పుడు చెప్పండి ఆయమ్మా, మీరు అభ్యంతరం తెలియజేస్తున్నారా?"

నేను గోడ మీద బొగ్గు గీతలు చూశాను. ముప్పై ఆరు. నేను ఔనంటే, ఓటు లేదని కూడా చూడరు, నాకూ ఒక గది, మళ్లీ పద్నాలుగు రోజులు, తవిటమ్మ కాగితం చిత్తుకాగితం. కాదంటే నారాయుడు బతికినట్టు. అంతమంది బిడ్డల్ని ఈ చేతుల్తో లోకంలోకి తీశాను గానీ, చచ్చినవాణ్ణి బతికించమని ఎవరూ అడగలేదు.

"లేదు బాబూ" అన్నాను. "నారాయుడు నోరెత్తే మనిషి కాదు."

అభ్యర్థి సమ్మతి కావాలని రూలుంది. మైకు మార్చురీ వైపు తిప్పి మూడుసార్లు అడిగారు. పొట్నూరు నారాయుడు గారూ, మీకు ఏమైనా అభ్యంతరమా? రెండోసారికి వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. మూడోసారికి పూర్తిగా నిశ్శబ్దం. మౌనము అర్ధాంగీకారము, ఆరేళ్ల మౌనము పూర్ణాంగీకారము అని మైకులో చెప్పి, గుండ్రటి స్టాంపు వేసి, ఏకగ్రీవం ప్రకటించాడు వైకుంఠరావు గారు. వార్డుబాయిలు చప్పట్లు కొట్టారు. కాన్పుల వార్డువాళ్లు కవలలు పుట్టారేమో అనుకున్నారు.

సెక్రటరీ ఐతే వచ్చాడు. సంతకం?

ఇక్కడే మా ఆసుపత్రి విద్య పనికొచ్చింది. ఆసుపత్రిలో ఎవరి సంతకం వాళ్లే పెట్టాలనుకుంటే ఒక్క రోగీ ఇంటికి పోడు. పెద్దడాక్టరు లేకపోతే చిన్నడాక్టరు "ఫర్" అని రాసి పెడతాడు. చిన్నడాక్టరు లేకపోతే సిస్టరమ్మ ఫర్. సిస్టరమ్మ భోజనానికెళితే నేనే ఎన్నిసార్లు ఫర్ కింద సంతకం గీకానో. ఫర్ ఉంటే చాలు, ఎవరికి ఫర్ అని ఎవరూ అడగరు.

తవిటమ్మని తీసుకుని అసిరమ్మ ఇంటికి వెళ్లాను. చేపలు ఎండబెడుతోంది. జరిగిందంతా చెప్పాను. అది నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. చేతులు చెంగుకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. దాని బాధ నాకు తెలుసు. మొగుడు పోయాడని కాగితం లేక దానికి వితంతు పింఛను లేదు. ఇప్పుడు నారాయుడి పేరున ఒక ఫిర్యాదు పోయిందంటే, అతను బతికే ఉన్నాడని సర్కారు కాగితం మీద పడ్డట్టే. ఆ తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. అది కూడా చెప్పాను, దాచలేదు. ఇష్టం లేకపోతే వద్దని చెప్పు అసిరమ్మా, నిన్ను ఒక్క మాట అనను అన్నాను.

అసిరమ్మ తవిటమ్మ చెయ్యి పట్టుకుని కట్టు విప్పి చూసింది. అరచేతిలో చిన్న మచ్చ, పెసరగింజంత.

"ఈ ఆడగుంటకి పిల్లలెంతమంది?" అంది.

"ఇద్దరు."

"ముప్పయ్యేళ్లు శవాల్ని మోసినాడు. బతికినోళ్లకి పనికొచ్చింది ఒక్క రోజు లేదు." బొటనవేలు చాపింది. "ఇప్పుడన్నా పనికిరానీ. సిరా ఏదే?"

నా దగ్గర ఉన్నది పోలియో మార్కరే. దాంతోనే వేలికి పూశాను.

ఫిర్యాదు అంతకుముందే కృపావతి సిస్టరమ్మ తన గదిలో కూర్చుని రాసి ఉంచింది. కేసు రాసిన కాగితం కదా, చేత్తో తీసుకోకూడదన్నారు. పట్టకారుతో పట్టుకుని, స్పిరిట్ చల్లి, ఎండలో ఆరబెట్టి తీసుకొచ్చారు. గ్లౌజులు అందరికీ ఇవ్వాలి అని కింద ఇంకో వాక్యం కూడా కలిపింది. దాని కింద అసిరమ్మ వేలిముద్ర, పక్కన ఫర్, పొట్నూరు నారాయుడు, ప్రాంతీయ సెక్రటరీ. పైన వైకుంఠరావు గారి గుండ్రటి స్టాంపు. ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నం పై ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాము. గుమాస్తా వేలిముద్ర చూడలేదు. స్టాంపు చూసి, ఏకగ్రీవమా, అబ్బో అన్నాడు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. తవిటమ్మని పనిలోకి తీసుకోవాలి, సిబ్బందికి గ్లౌజులు ఇవ్వాలి. పోటీ చేసి నెగ్గిన సెక్రటరీలు పదేళ్లుగా అడిగినా రాని గ్లౌజులు చచ్చినవాడు అడిగితే వచ్చాయి. మూడు నెలలు నిండాక దాని రక్తం చూశారు. ఏమీ లేదు.

ఇంక షీల్డు సంగతి. రాష్ట్ర అధ్యక్షుడు కారేసుకుని వచ్చాడు. ఏకగ్రీవ సెక్రటరీగారిని సన్మానించాలన్నాడు. ఆయన సెలవులో ఉన్నారని చెప్పారు. పదవి వచ్చినా సెలవు మానలేదా, ఎంత నిరాడంబరుడు అన్నాడు. మరి దండ ఎవరికి వెయ్యాలి? అప్పుడు ఎవరో పాత గ్రూపు ఫోటోలోంచి నారాయుడి బొమ్మ పెద్దది చేయించి తెచ్చారు. వేదిక మీద కుర్చీలో నిలబెట్టారు. అధ్యక్షుడు ఆ పటానికి బంతిపూల దండ వేశాడు. ముందు దీపం వెలిగించాడు. అగరువత్తులు ఎవరు పెట్టారో నాకు తెలుసు, చెప్పను.

హాల్లో రెండు వందల పదమూడు మంది లేచి నిలబడ్డారు. పటానికి దండ, ముందు దీపం. దాని అర్థం మన దేశంలో పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు. వేదిక మీదవాళ్లకి తెలియలేదు. మొదటి వరసలో అసిరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆరేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఎవరూ ఒప్పుకోని సంగతిని అధ్యక్షుడే తన చేత్తో దండేసి ఒప్పుకున్నాడు, తెలియక.

"అడగడు, అరవడు, అడ్డురాడు. ఇటువంటి నాయకుడు ప్రతి ప్రాంతానికీ ఒకరు ఉండాలి" అన్నాడు అధ్యక్షుడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు లింగమూర్తి. అప్పటికి లక్షణాలు పూర్తిగా తగ్గిపోయాయి.

ఆ మాట అధ్యక్షుడు ఊరికే అనలేదు. ఆ నెలలోనే సర్క్యులర్ వచ్చింది, మా శాఖను ఆదర్శముగా తీసుకొనవలెనని. పక్క ప్రాంతాలవాళ్లు వచ్చి, మీ జాబితాలో ఇలాంటివారు ఇంకా ఎవరైనా ఉన్నారా, ఒకరిని డిప్యుటేషను మీద పంపగలరా అని అడిగారు. వైకుంఠరావు గారికి రెండో మెడల్ వచ్చింది. నారాయుడు అప్పటినుంచి మూడుసార్లు ఏకగ్రీవంగా నెగ్గాడు. ఆయాలకి ఏం కావలసినా కృపావతి సిస్టరమ్మ రాస్తుంది, అసిరమ్మ వేలు పెడుతుంది, పనవుతుంది.

అసిరమ్మ సొంత పని ఒక్కటే అవదు. నిరుడు మళ్లీ వెళ్లింది, మొగుడు పోయినట్టు రాయమని. ఆఫీసులో గుమాస్తా కుర్చీ వేసి కూర్చోబెట్టాడట, మంచినీళ్లిచ్చాడట. "మీ ఆయన పదవిలో ఉన్నారు కదమ్మా, ఇప్పుడిలాంటి మాట బయటికొస్తే ఆయనకే చెడ్డపేరు" అని చెప్పి పంపించాడట. మా వీధి ఆడవాళ్లం తలా గిద్దెడు బియ్యం దాని ఇంట్లో పోస్తున్నాం. నేను ఆ రోజు అంబులెన్సు అద్దం ముందు అన్న మాటకి నా వంతు రెండు గిద్దెలు.

అందుకే మిమ్మల్ని పిలిచానర్రా. ఏ రిజిస్టర్లోనూ లేదు, ఏ స్టాంపూ లేదు. నాకు తెలుసు, అసిరమ్మకి తెలుసు, మేమిద్దరం ఇంకెన్నాళ్లుంటాం? పొట్నూరు నారాయుడు చచ్చిపోయాడు. మంగళవారం పొద్దున, ఎండెక్కకముందు, పచ్చకామెర్లతో, తన ఇంట్లో, తన చాప మీద. కాళ్లు నేను కట్టాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలు అడిగినా అడక్కపోయినా ఒకసారి చెప్పండి. వాళ్లకి అభ్యంతరం ఉంటే మరీ మంచిది, చెయ్యెత్తమనండి.